కథలు అచ్చవుతున్నా ఎవరూ పట్టించుకోవడం లేదంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. మూడేళ్ళలో పదకొండు కథలు రాశారు. రెండు అచ్చయ్యాయి. అవి వచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరూ చదివిన జాడ లేదు. ఒక ఎడిటర్ మాత్రం "ఈ కథ మాకు సరిపడలేదు, మరొకటి పంపండి" అని రాశారు. ఇక పత్రికలు మానేసి ఆ పదకొండు కథలతో సొంతంగా పుస్తకం వేసుకోవాలా అని అడిగారు.

ఇప్పుడే వద్దు. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే నా ఇరవై రెండేళ్ళ అనుభవంలోంచి కొంత చెప్పాలి. నావి నలభైకి పైగా కథలు అచ్చయ్యాయి, రెండు సంపుటాలు వచ్చాయి. మధ్యలో రెండేళ్ళు ఒక చిన్న వెబ్ పత్రికకు వచ్చే కథలు చదివి ఎంపికలో సాయపడ్డాను. ఆ పని చేసి ఉండకపోతే ఇప్పుడు చెప్పబోయే వాటిలో సగం నాకూ తెలిసేవి కావు.

మీ బాధలో రెండు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. కథ అచ్చు కాకపోవడం ఒకటి. అచ్చయినా ఎవరూ మాట్లాడకపోవడం ఇంకొకటి. నేను కూడా చాలాకాలం ఈ రెండూ ఒకటే అనుకున్నాను. పెద్ద పత్రికలో కథ పడితే చాలు, పేరు దానంతటదే వస్తుందనుకున్నాను. తొమ్మిది కథలు పడేదాకా ఆ నమ్మకం పోలేదు.

ముందు అచ్చు సంగతి. నా మొదటి కథను చేత్తో రాసి, తిరుగు టపాకు స్టాంపులు అంటించిన కవరు జతచేసి ఒక వారపత్రికకు పంపాను. ఏడు నెలలు జవాబు లేదు. పోయిందనుకుని అదే కథను ఇంకో పత్రికకు పంపాను, హామీపత్రం మీద సంతకం చేసి మరీ. తీరా చూస్తే ఒకే నెలలో రెండు పత్రికల్లోనూ అచ్చయింది. రెండో పత్రిక ఎడిటర్ ఫోన్ చేసి, గొంతు పెంచకుండా, "హామీపత్రం మీద సంతకం మీదే కదమ్మా?" అని ఒక్క మాట అడిగారు. తప్పు పూర్తిగా నాది. ఆ తర్వాత మూడేళ్ళు ఆ పత్రికకు కథ పంపడానికి నాకు ముఖం చెల్లలేదు.

హామీపత్రంలో మనం రాసేది లాంఛనం కాదు. ఈ కథ నా సొంతం, అనువాదమో అనుసరణో కాదు, ఎక్కడా అచ్చు కాలేదు, ఇంకెక్కడా పరిశీలనలో లేదు అని మాట ఇస్తున్నాం. ఫేస్‌బుక్‌లో పెట్టినా, సొంత బ్లాగులో పెట్టినా, కథల యాప్‌లో పెట్టినా చాలా పత్రికలు దాన్ని ప్రచురితమైనట్టే లెక్కేస్తాయి. స్నేహితులు చదువుతారని ఉత్సాహపడి పోస్ట్ చేసిన మంచి కథ ఆ తర్వాత ఎక్కడికీ పంపడానికి వీలు లేకుండా పోతుంది. మీ పదకొండు కథల్లో అలా బయటపడినవి ఎన్నో ముందు చూసుకోండి. జవాబు రాని కథను వేరేచోటికి పంపాలనుకుంటే, "ఫలానా తేదీన పంపిన ఫలానా కథను ఉపసంహరించుకుంటున్నాను" అని మొదటి పత్రికకు రెండు వాక్యాల మెయిల్ పెట్టండి. దానికి జవాబు రాకపోయినా ఫర్వాలేదు, మీ దగ్గర రుజువు ఉంటుంది. ఎన్నాళ్ళు ఆగాలనేది పత్రిక చెప్పి ఉంటే ఆ గడువు, చెప్పకపోతే నేను నాలుగు నెలలు ఆగుతాను.

ఆ అనుభవం తర్వాత ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. కథ పేరు, పదాల సంఖ్య, ఎక్కడికి పంపాను, ఏ తేదీన, జవాబు ఏమిటి. ఇప్పటికీ అదే పద్ధతి. దానివల్ల కలిగిన పెద్ద మేలు ఏమిటంటే, తిరిగొచ్చిన కథ ఇంట్లో పడి ఉండదు. వచ్చిన రోజే ఒకసారి చదువుకుని, మార్చాల్సింది ఉంటే మార్చి, వారం లోపల తర్వాతి చోటికి పంపేస్తాను. నా కథల్లో ఎక్కువమంది గుర్తుపెట్టుకున్న కథ అయిదు చోట్ల తిరిగొచ్చి ఆరో చోట పడింది. ఆ అయిదుసార్లలో మొదటి రెండుసార్లే నేను కథలో మార్పులు చేశాను, మిగతా మూడుసార్లు ఒక్క అక్షరం మార్చలేదు.

తిరిగి రావడం అంటే కథ బాగాలేదని తీర్పు అనుకోకండి. లెక్క వేసి చూడండి. వారానికి ఒక్క కథ వేసే ఆదివారం అనుబంధానికి ఏడాదికి 52 చోట్లే ఉంటాయి. అందులో ప్రత్యేక సంచికలు, అప్పటికే ఒప్పుకున్న కథలు, పేరున్నవాళ్ళని అడిగి రాయించుకున్నవి తీసేస్తే కొత్తవాళ్ళకు మిగిలేది ఇంకా తక్కువ. పైగా 2020 లాక్‌డౌన్ సమయంలో చాలా పత్రికలు అచ్చు ఆపేశాయి, వాటిలో కొన్ని మళ్ళీ రానేలేదు. కథ బాగున్నా అదే వస్తువు మీద గత నెలే ఒకటి వేసి ఉండొచ్చు. పేజీకి ఒక పేరా పొడవెక్కువై ఉండొచ్చు. ఇవేవీ మనకు చెప్పరు, చెప్పే తీరికా వాళ్ళకు ఉండదు.

అయితే కథలో తప్పేమీ ఉండదని కాదు. వెబ్ పత్రికకు చదివిన రెండేళ్ళలో నాకు బాగా కనిపించినవి చెబుతాను. చాలా కథలు అసలు మొదలవ్వాల్సిన చోటుకి రెండు పేజీల ముందు మొదలవుతాయి. తెల్లవారుతుంది, పాత్ర నిద్ర లేస్తుంది, కాఫీ తాగుతూ గతమంతా తలచుకుంటుంది, మూడో పేజీలో ఫోన్ మోగుతుంది. ఆ ఫోన్ దగ్గర మొదలుపెట్టి ఉంటే బాగుండేదని ఎన్ని కథలకు అనుకున్నానో. మొదటి రెండు పేజీలు రచయిత తనకోసం రాసుకున్నవి. రాసుకోవడం తప్పు కాదు, అవి లేకుండా కథ తనకే దొరికి ఉండదు. పంపేముందు తీసేయాలి, అంతే.

రెండోది ముగింపు. కథంతా చక్కగా నడిపి, చివరి పేరాలో ఒక పెద్దాయన్ని తీసుకొచ్చి మొత్తం అర్థం చెప్పించేవారు. పాఠకుడికి అప్పటికే అర్థమైపోయిన విషయాన్ని మళ్ళీ చెబితే కథ మీద ఉన్న గౌరవం కాస్త తగ్గుతుంది. చివరి పేరా కొట్టేస్తే ఎంపికయ్యే కథలు నెలకు ఒకటి రెండైనా కనిపించేవి. అలాంటి వాళ్ళకు ఆ మాటే రాసేదాన్ని. కొందరు ఒప్పుకునేవారు, కొందరికి కోపం వచ్చేది.

ఇంకా చిన్న విషయాలు కూడా ఉన్నాయి. అవి చిన్నవే గానీ వాటివల్ల కథ చదవకుండానే పక్కకు పోతుంది. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) టైప్ చేసిన ఫైలు పంపితే మా సిస్టంలో పిచ్చి గుర్తులు కనిపించేవి. కన్వర్టర్‌లో పెడితే ఒత్తులు చెదిరిపోయేవి. యూనికోడ్‌లో, వర్డ్ ఫైలుగా పంపండి, పీడీఎఫ్ అడిగితే తప్ప వద్దు. కథ పైన పేరు, పదాల సంఖ్య రాయండి. 1500 పదాలని పత్రిక చెబితే 2800 పదాల కథ పంపి "మీకు తగ్గట్టు కుదించుకోండి" అనకండి. కుదించే పని మనదే. మెయిల్‌లో కథ సారాంశం, అది రాయడానికి పడ్డ కష్టం, ఇదివరకు వచ్చిన ప్రశంసలు ఏవీ అక్కర్లేదు.

ఇక మీకు వచ్చిన ఆ జవాబు. "మరొకటి పంపండి" అన్న మాటను మీరు మర్యాదకు రాశారనుకున్నారు. నేనూ అలాగే అనుకుని ఒక ఏడాది పోగొట్టుకున్నాను. నా మూడో కథకు ఒక ఎడిటర్ "ముగింపు ముందే తెలిసిపోతోంది. మనుషులు మాత్రం బాగున్నారు. మరొకటి పంపండి" అని రాశారు. నాకు మొదటి వాక్యం ఒక్కటే వినిపించింది. ఏడుపొచ్చింది. ఏడాది తర్వాత ధైర్యం చేసి వేరే కథ పంపితే పది రోజుల్లో ఒప్పుకుంటున్నామని జవాబు. తర్వాత నేనే కథలు చదివే పనిలోకి వచ్చాక అర్థమైంది. వేయలేని కథలకు అందరికీ ఒకే నాలుగు వాక్యాల జవాబు వెళ్తుంది. సొంతంగా ఒక్క వాక్యం రాశామంటే ఆ కథ గురించి మేం మాట్లాడుకున్నామని అర్థం. మరొకటి పంపమన్నామంటే నిజంగా ఎదురుచూస్తున్నామని అర్థం. మేం అలా జవాబు రాసిన రచయితల్లో చాలామంది మళ్ళీ ఎప్పుడూ పంపలేదు. నాకు ఇప్పటికీ ఆ పేర్లలో కొన్ని గుర్తున్నాయి.

ఇప్పుడు రెండో సంగతి, ఆ మౌనం. నా మొదటి తొమ్మిది కథలు ఒకదానికొకటి సంబంధం లేనివి. ఒకటి పల్లెటూరి గొడవ, ఒకటి ఆఫీసు ప్రేమ, ఒకటి పండగ సంచిక కోసం హాస్యం. ఏ పత్రికకు ఏది నచ్చుతుందో ఊహించి రాసేదాన్ని. అచ్చయ్యేవి కూడా. కానీ ఒక్క ఉత్తరం వచ్చేది కాదు. పత్రిక బయటికొచ్చిన ఆదివారం పొద్దున్నుంచి రాత్రిదాకా ఫోన్ దగ్గర పెట్టుకుని కూర్చున్న రోజులున్నాయి. ఆ టెన్షన్ మీకు తెలిసే ఉంటుంది.

తర్వాత మా అమ్మ అయిదు నెలలు ఆస్పత్రిలో ఉంది. రాత్రిళ్ళు వార్డులో ఒక్కరినే ఉండనిస్తారు, మిగతావాళ్ళు వరండాలో చాప వేసుకుని పడుకోవాలి. ఆ వరండాలో ఎవరెవరో పరిచయమయ్యారు. ఒకరి రోగి ఇంటికి వెళ్ళిపోతే మిగిలినవాళ్ళు సంతోషపడుతూనే కొంచెం దిగులుపడేవారు. అమ్మ పోయాక దాదాపు ఏడాదికి ఆ వరండా మీద ఒక కథ రాశాను. ఏ పత్రికకు నచ్చుతుందని ఆలోచించలేదు. అదే ఇందాక చెప్పిన కథ, అయిదు చోట్ల తిరిగొచ్చింది. చివరికి ఒక వెబ్ పత్రికలో పడింది. కింద నాలుగే కామెంట్లు. కానీ ఆ నలుగురిలో ఒక నర్సు రాత్రి డ్యూటీ మారే సమయం తప్పుగా రాశానని చెప్పి, ఆ వరండాలో తను చూసిన ఒక ముసలాయన గురించి పెద్ద ఉత్తరం రాశారు. చివర్లో "ఈ మనుషుల మీద ఇంకా కథలు ఉన్నాయా?" అని అడిగారు.

ఇన్నేళ్ళలో నన్ను ఎవరైనా అడిగిన అసలైన ప్రశ్న అది. అప్పటిదాకా నా దగ్గర ఇంకా ఏముందో అడగాలని ఎవరికీ అనిపించలేదు, ఎందుకంటే నా తర్వాతి కథ దేని గురించి ఉంటుందో నాకే తెలిసేది కాదు. ఆ తర్వాత నాలుగేళ్ళలో ఆస్పత్రి చుట్టూ ఏడు కథలు రాశాను. మందుల షాపు కుర్రాడు, శవాన్ని ఇంటికి చేర్చే అంబులెన్స్ డ్రైవరు, అమ్మ పక్క మంచం మీదున్నావిడ కూతురు. మూడో కథ నుంచీ జనం ముందువాటితో కలిపి మాట్లాడటం మొదలుపెట్టారు. అలాగని అందరూ ఒకే విషయం మీద రాయాలని చెప్పడం లేదు. మీరు మళ్ళీ మళ్ళీ వెళ్ళే చోటు ఏదో ఒకటి మీ పదకొండు కథల్లోనే ఉండి ఉంటుంది. రెండు మూడు కథల్లో మీకు తెలియకుండానే అదే మనిషి, అదే భయం వచ్చిందేమో చూసుకోండి.

నర్సు చెప్పిన తప్పును సంపుటంలో సరిచేశాను.

కథ పడిన రోజుతో దాని పని అయిపోదు. వారపత్రిక కథ ఆయుష్షు వారమే, కానీ ఆ కథకు రెండోసారి, మూడోసారి పాఠకులు దొరికే దారులు ఉన్నాయి. కథా సాహితీ వాళ్ళు 1990 నుంచి ఆ ఏడాది వచ్చిన కథల్లోంచి ఎంపిక చేసి 'కథ' పేరుతో సంకలనాలు తెస్తూ వచ్చారు. అలాంటి సంపాదకులు పత్రికలన్నీ వెతికి చదువుతారు, ఒక్కోసారి వాళ్ళకు సంచిక దొరకదు కూడా. మీ కథ క్లిప్పింగ్ మీ దగ్గర శుభ్రంగా ఉండాలి, పత్రిక పేరు, తేదీతో సహా. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో మొదలుపెట్టిన కథానిలయం ఉంది. అచ్చయిన తెలుగు కథలన్నీ ఒక్కచోట చేర్చాలన్నది ఆయన సంకల్పం. కథ వచ్చినప్పుడల్లా ఒక ప్రతి అక్కడికి పంపేవాళ్ళు నాకు తెలుసు, నేనూ పంపుతాను.

ఇదంతా వృథా శ్రమ అనుకోకండి. తెలుగు కథ 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు'తోనే మొదలైందని చాలా దశాబ్దాలు చెప్పుకున్నాం. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే 'హిందూ సుందరి' పత్రికలో అచ్చయింది. ఆవిడ 1905లో చనిపోయారు. ఆ కథ గురించి గట్టిగా మాట్లాడుకోవడం మొదలైంది ఎన్నో ఏళ్ళ తర్వాత. పాత సంచికలు ఎవరో దాచారు, ఎవరో వెతికారు కాబట్టి అది మనకు దక్కింది.

అనువాదం ఇంకో దారి. పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకుంది. 2025లో అంతర్జాతీయ బుకర్ బహుమతి బాను ముష్తాక్ కన్నడ కథలకు వచ్చింది, వాటిని ఇంగ్లీషులోకి తెచ్చిన దీపా భాస్తితో కలిపి. ఒక కథల సంపుటికి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. ఆ కథలు 1990 నుంచి 2023 మధ్య రాసినవి. ఆ ఏళ్ళ లెక్క ఒకసారి చూడండి. మన పక్క భాషలో ఒకావిడ ముప్ఫై ఏళ్ళకు పైగా రాస్తూ వచ్చారు. నా కథలు రెండు హిందీలోకి వెళ్ళాయి. రెండూ నేను వెతుక్కుంటూ వెళ్తే కుదిరినవి కావు, వెబ్‌లో చదివిన ఒక అనువాదకుడే రాశారు. ఆన్‌లైన్‌లో కథ దొరకడం వల్ల కలిగే లాభం ఇదే. ఈమాట లాంటి వెబ్ పత్రిక 1998 నుంచి నడుస్తోంది, పాత సంచికలు ఇప్పటికీ చదువుకోవచ్చు. అచ్చు పత్రికలో చూసుకునే ఆనందం నాకూ ఇష్టమే, కానీ పదేళ్ళ తర్వాత ఎవరైనా వెతికితే దొరికేది వెబ్‌లో ఉన్న కథే.

మీరు అడగకపోయినా పోటీల గురించి ఒక మాట. పంపండి, కానీ నిబంధనలు చివరిదాకా చదవండి. "పంపిన కథలన్నిటి మీద సర్వహక్కులూ మావే" అని ఉంటే నేను పంపను. మన కాపీరైట్ చట్టం ప్రకారం కథ రాసిన క్షణం నుంచి హక్కు మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. హక్కులు రాసిచ్చే ఒప్పందంలో కాలపరిమితి లేకపోతే అయిదేళ్ళు, ప్రాంతం లేకపోతే భారతదేశం వరకే అని 19వ సెక్షన్ చెబుతుంది. అయినా సంతకం పెట్టేముందు అడిగి రాయించుకోవడం మంచిది. పత్రికకు మొదటిసారి ప్రచురించే హక్కు ఇస్తే చాలు. సంపుటం, అనువాదం, ఆడియో, సినిమా మీ దగ్గరే ఉండాలి.

మనుషుల విషయానికొస్తే, నాకు చదివేవాళ్ళు ఎక్కువమంది నేను ఉత్తరాలు రాయడం వల్లే దొరికారు. ఎవరి కథైనా నిజంగా నచ్చితే ఏ చోట నచ్చిందో, ఎక్కడ ఆగిపోయానో నాలుగు వాక్యాలు రాస్తాను. నా కథ లింకు జతచేయను. అలా పరిచయమైన ముగ్గురితో కలిసి పదకొండేళ్ళుగా ఒకరి చిత్తుప్రతులు ఒకరం చదువుకుంటున్నాం. కథ పంపాక ముఖం మీదే చెప్పేస్తారు. అచ్చయిన ఆదివారం ఎవరూ ఫోన్ చేయకపోయినా ఆ ముగ్గురూ చేస్తారు. ప్రతి గ్రూపులో లింకు పెట్టి "చదివి అభిప్రాయం చెప్పండి" అనే పద్ధతి కూడా ప్రయత్నించాను. దండం బొమ్మలు, చప్పట్ల బొమ్మలు వస్తాయి. చదివారో లేదో తెలియదు.

పుస్తకం ఎందుకు వద్దన్నానంటే, నా మొదటి సంపుటం తొందరపడి వేశాను. ఆ తొమ్మిది కథలూ, ఇంకో అయిదూ. వెయ్యి కాపీలు. ఆవిష్కరణ సభ బాగా జరిగింది, దాదాపు 300 కాపీలు పంచాను. చాలావరకు మిగతావి ఇంట్లోనే ఉండిపోయాయి. నా బాధ డబ్బు పోయినందుకు కాదు, ఆ కథల్లో నాలుగు మంచివి. మిగతా పదింటితో కలిసి అవి కూడా ఎవరి చేతికీ అందకుండా పోయాయి. ఒకసారి సంపుటంలో వచ్చేస్తే పత్రికలు ఇక తీసుకోవు. ఆస్పత్రి కథల పుస్తకం మాత్రం ఎనిమిదేళ్ళ తర్వాత 300 కాపీలే వేశాను. చదువుతారని తెలిసిన మనుషులకు, లైబ్రరీలకు, సమీక్షలు రాసేవాళ్ళకు పంపాను. ఏడాదిలో రెండోసారి అచ్చు వేయాల్సి వచ్చింది. మీకూ ఆ సమయం వస్తుంది. అప్పుడు ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) కోసం ఎవరికీ డబ్బు ఇవ్వకండి, మన దేశంలో రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది.

ప్రస్తుతానికి మీ దగ్గర తొమ్మిది కథలు అచ్చు కాకుండా ఉన్నాయి. వాటిలో రెండో పేజీ నుంచి మొదలుపెట్టినా నిలబడేవి ఎన్నో చూడండి. అలాంటి ఒక కథను తీసుకుని, మొదటి పేజీ కొట్టేసి, ముగింపు ఇంకోసారి చదువుకుని, మరొకటి పంపమన్న ఆ ఎడిటర్‌కి ఈ వారమే పంపండి. మెయిల్‌లో "ఫలానా నెలలో మీరు మరొకటి పంపమన్నారు" అని ఒక్క వాక్యం చాలు. పంపాక నోట్‌బుక్‌లో తేదీ వేసుకోండి.